పొన్నగంటి కూర: గుర్తుపడదాం, పెంచుకుందాం



ఈ పాఠం ఒక చిన్న మొక్క గురించి. ఈ మొక్క మీ అందరికీ తెలుసు. కాలవ గట్టు మీద చూసి ఉంటారు. కొబ్బరి తోటలో బోదెల పక్కన చూసి ఉంటారు. నుయ్యి దగ్గర, బోరింగు దగ్గర తడి నేల మీద చూసి ఉంటారు. నేలకు అంటుకుని పాకుతుంది. చిన్న చిన్న తెల్ల పూలు పూస్తుంది.

అదే పొన్నగంటి.

తెలిసిన మొక్కే కదా, దాని మీద పాఠం ఎందుకు అంటారేమో. తెల్లపూలు పూసి నేల మీద పాకేదల్లా పొన్నగంటి కాదు. పొన్నగంటే అయినా, ప్రతి చోటా మొలిచినది కూరకు పనికిరాదు. కాబట్టి రెండు పనులు నేర్చుకుందాం. ఒకటి, సరిగా గుర్తుపట్టడం. రెండు, మన దొడ్లో మనమే పెంచుకోవడం.

మన నేల, మన నీరు

ముక్తేశ్వరం అయినవిల్లి మండలంలో ఉంది. ఊరి పక్కనే గౌతమి పారుతుంది. అవతలి ఒడ్డున కోటిపల్లి. ఇవతల క్షణ ముక్తేశ్వరస్వామి గుడి. 2022లో కోనసీమ వేరే జిల్లా అయింది. అంతకు ముందు మనది తూర్పు గోదావరి జిల్లా.

మనది గోదావరి తెచ్చిన ఒండ్రు నేల. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి కాలవల నీళ్లు చేలకు వస్తున్నాయి. కాలవ ఉన్న చోట గట్టు ఉంటుంది. గట్టు ఉన్న చోట తడి ఉంటుంది. తడి ఉన్న చోట పొన్నగంటి ఉంటుంది. దానికి తడి అంటే ప్రాణం. కొబ్బరి చెట్ల సగం నీడ కూడా దానికి సరిపోతుంది. అందుకే కోనసీమలో ఎవరూ విత్తకుండానే మొలుస్తుంది.

ఇది నేలను దుప్పటిలా కప్పుతుంది. వాన పడితే గట్టు మన్ను కొట్టుకుపోకుండా వేళ్లతో పట్టి ఉంచుతుంది. ఎండ కాస్తే నేల తొందరగా ఆరిపోకుండా చూస్తుంది. కూరగా తింటే మనకు బలం ఇస్తుంది.

పేరులో ఏముంది?

మన పెద్దవాళ్లు ఒక మాట చెబుతారు. పోయిన కంటి చూపును తెచ్చే కూర కాబట్టి దీనికి పొన్నగంటి అని పేరు వచ్చిందట. సంస్కృతంలో దీన్ని మత్స్యాక్షి అంటారు. మత్స్యం అంటే చేప. అక్షి అంటే కన్ను. చేపకన్ను అన్నమాట. తమిళులు పొన్నాంగన్ని అంటారు. కన్నడం వాళ్లు హొనగొన్నె అంటారు. శ్రీలంకలో ముకునువెన్న అంటారు.

పేరు చూస్తే కంటికి మంచిదన్న నమ్మకం చాలా పాతది అనిపిస్తుంది. ఆ నమ్మకంలో ఎంత నిజం ఉంది? ఆ సంగతి ముందుకు వెళ్లాక చెప్పుకుందాం. ముందు మొక్కను చూద్దాం.

పొన్నగంటికి ఐదు గుర్తులు

మొక్క దగ్గర కూర్చోండి. ఒక కాడ తుంచి చేతిలోకి తీసుకోండి. వరసగా ఈ ఐదు గుర్తులు చూడండి.

1. కాడ. కాడ నేల మీద పాకుతుంది. కొసలు మాత్రం పైకి లేస్తాయి. కాడ సన్నగా ఉంటుంది. పచ్చగా గాని, కొంచెం ఎర్రగా గాని ఉంటుంది.

2. కణుపు. కాడకు కణుపులు ఉంటాయి. నేలకు తగిలిన కణుపు దగ్గర తెల్లటి వేళ్లు దిగుతాయి. అందుకే ఒక్క మొక్క చాప పరిచినట్టు పరుచుకుంటుంది.

3. ఆకు. ప్రతి కణుపు దగ్గర రెండు ఆకులు ఉంటాయి. అవి ఎదురెదురుగా ఉంటాయి. ఆకు కోలగా ఉంటుంది. నునుపుగా ఉంటుంది. చేత్తో రాస్తే గరుకు తగలదు.

4. పువ్వు. ఇదే అసలు గుర్తు. పువ్వు ఆకు మొదట్లో, కాడకు అతుక్కుని ఉంటుంది. పువ్వుకు తొడిమ ఉండదు. ఒక్కొక్క ముద్ద మినపగింజంత మొదలుకొని శనగగింజంత వరకు ఉంటుంది. నిజానికి ఆ ముద్ద ఒక పువ్వు కాదు. ఎన్నో చిన్న పూలు కలిసిన గుత్తి. ఒక్కొక్క పువ్వుకు కాగితంలాంటి తెల్లటి రేకులు ఐదు ఉంటాయి. ఎండినా అవి తెల్లగానే మెరుస్తాయి.

5. ముళ్లు లేకపోవడం. పూల ముద్దను వేళ్లతో నలపండి. మెత్తగా పొట్టులా రాలాలి. గుచ్చుకోకూడదు.

ఈ ఐదు గుర్తులూ కలిస్తేనే పొన్నగంటి. నాలుగు కలిసి ఒకటి కలవకపోతే ఆ మొక్కను వదిలేయండి. పువ్వు లేని మొక్క దొరికితే తొందరపడకండి. పువ్వు వచ్చేదాకా ఆగండి.

పొన్నగంటిలా కనిపించే మొక్కలు

గుంటగలగర. ఇది కూడా తడి గట్ల మీదే పెరుగుతుంది. దీని ఆకులు కూడా ఎదురెదురుగా ఉంటాయి. పువ్వు కూడా తెల్లదే. అయితే దీని పువ్వుకు తొడిమ ఉంటుంది. పువ్వు బల్లపరుపుగా, చిన్న చక్రంలా ఉంటుంది. ఆకు గరుకు. ఆకును అరచేతిలో నలిపితే రసం నల్లబడుతుంది. ఇది తలనూనె కాచుకునే మొక్క. కూరలోకి కోసుకునే మొక్క కాదు.

ముళ్ల రకం. ఇది పొన్నగంటికి చుట్టమే. దారి పక్కన, గట్టి నేల మీద పరుచుకుంటుంది. ఆకు గుండ్రంగా ఉంటుంది. పూల ముద్ద గడ్డి రంగులో ఉంటుంది. ముట్టుకుంటే గుచ్చుకుంటుంది. చెప్పులు లేకుండా నడిస్తే కాలికి దిగుతుంది. దీన్ని కోయకండి.

వయ్యారిభామ. దీన్నే కాంగ్రెసు గడ్డి అని కూడా అంటారు. ఇది పాకదు. నిటారుగా నిలబడుతుంది. ఆకు ముక్కలు ముక్కలుగా చీలి ఉంటుంది. కొమ్మల చివర చిన్న తెల్ల పూలు గుంపుగా పూస్తాయి. దీన్ని ముట్టుకుంటే కొందరికి ఒళ్లు దద్దుర్లు వస్తాయి. దీని పుప్పొడి పీలిస్తే కొందరికి ఆయాసం వస్తుంది. లేత మొక్కగా ఉన్నప్పుడు కూడా దీన్ని ఆకుకూరల్లో కలవనివ్వకండి.

పరాయి పొన్నగంటి. దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఇది అచ్చం మన పొన్నగంటిలాగే ఉంటుంది. ఇంగ్లీషులో ఎలిగేటర్ వీడ్ అంటారు. అంటే మొసలి కలుపు. ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మన దేశంలో 1965లో బీహారులో దీన్ని గుర్తించారు. తర్వాత చాలా రాష్ట్రాల చెరువుల్లోకి, కాలవల్లోకి పాకింది.

తేడా ఎక్కడ ఉందో చూడండి. మన పొన్నగంటి పువ్వు కాడకు అతుక్కుని కూర్చుంటుంది. పరాయి పొన్నగంటి పువ్వు పొడవాటి తొడిమ మీద నిలబడుతుంది. పువ్వు కూడా పెద్దది. కాడ లావుగా, లోపల బోలుగా ఉంటుంది. నీళ్లలో పెరిగితే మన పొన్నగంటి కాడ కూడా కొంచెం బోలుగా ఉండవచ్చు. కాబట్టి కాడను చూసి తేల్చకండి. పువ్వును చూసి తేల్చండి.

ఒక మాట గుర్తుపెట్టుకోండి:
కూర్చున్న పువ్వు మనది. నిలబడ్డ పువ్వు పరాయిది.

పరాయి పొన్నగంటి విషం మొక్క అని కాదు. కొన్ని చోట్ల దాన్నీ తింటారు. కానీ అది మురుగు నీటిలో బాగా పెరుగుతుంది. ఆ నీటిలోని చెడు లోహాలను తన ఒంట్లోకి తీసుకుంటుంది. పైగా చిన్న ముక్క పడినా చాలు, మళ్లీ మొలుస్తుంది. కాలవకు అడ్డం పడుతుంది. పంట నీటిని ఆపుతుంది. దాన్ని ఇంటికి తెస్తే దొడ్డికీ చేటు, కాలవకూ చేటు.

ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి

పొరపాటు మన దగ్గరే జరుగుతుందని అనుకోకండి. ఇది నిజంగా జరిగిన సంగతి.

శ్రీలంక నుంచి చాలా కుటుంబాలు ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడ్డాయి. వాళ్లకు ముకునువెన్న అంటే ఇష్టం. అదే మన పొన్నగంటి. ఇంటి వెనక దొడ్లో దాన్ని పెంచుకున్నారు. ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటికి కాడలు ఇచ్చారు. అలా ఎన్నో ఊళ్లకు పాకింది.

1990ల్లో అక్కడి అధికారులు ఆ మొక్కను చూశారు. చూస్తే అది ముకునువెన్న కాదు. మొసలి కలుపు! ఆ దేశంలో అది నదులకూ, పొలాలకూ పెద్ద బెడద. చదువుకున్నవాళ్లే, ఏళ్ల తరబడి ఇష్టంగా వండుకున్నవాళ్లే పోల్చుకోలేకపోయారు. రెండు మొక్కలూ అంతగా ఒక్కలా ఉంటాయి.

అధికారులు ఆ కుటుంబాల దగ్గరకు వెళ్లి విషయం చెప్పారు. ఆ మొక్కను తీసేశారు. కూరకు పనికి వచ్చే వేరే మొక్కను బదులుగా ఇచ్చారు.

మనం కూడా పొరుగింటి నుంచి కాడలు తెచ్చుకుంటాం. ఇవ్వడం మంచిదే. తీసుకోవడం మంచిదే. అయితే పువ్వు చూసి తీసుకోవాలి. పువ్వు చూపించి ఇవ్వాలి.

ఎక్కడ కోయకూడదు?

సరైన పొన్నగంటి దొరికింది. అయితే వెంటనే కోసేయవచ్చా? ఈ అత్తా కోడళ్ల మాటలు చదవండి.

కోడలు: అత్తయ్యా! గట్టు మీద పొన్నగంటి ఒత్తుగా ఉందండీ. కోసుకురానా?

అత్త: ఏ గట్టమ్మా?

కోడలు: వరి చేను గట్టండీ. పువ్వు కూడా చూశాను. కాడకు అతుక్కునే ఉంది. మన పొన్నగంటేనండీ.

అత్త: బాగా చూశావు. మరి ఆ గట్టు మీద గడ్డి మందు కొట్టారేమో అడిగావా?

కోడలు: అడగలేదండీ. మందు కొడితే ఆకు మాడిపోదా? పచ్చగా నిగనిగలాడుతోంది.

అత్త: అక్కడే ఉందమ్మా మోసం. కొన్ని మందులు కొట్టిన రోజునే ఆకును మాడుస్తాయి. కొన్ని అలా కాదు. కొట్టాక వారం రోజుల దాకా కూడా ఆకు పచ్చగానే ఉంటుంది. మందు లోపలికి దిగి వేరును చంపుతుంది. ఆ తర్వాత ఆకు పండుబారుతుంది. ఈలోగా మనం కోసి వండామనుకో?

కోడలు: అమ్మో! కడిగితే పోదాండీ?

అత్త: పైన ఉన్నది కొంత పోతుంది. లోపలికి దిగింది ఎలా పోతుంది?

కోడలు: ఆయ్, అదీ నిజమేనండీ. అయితే చేను గలాయన్ని అడిగి వస్తాను.

అత్త: అడుగు. నమ్మకంగా చెప్పలేకపోతే వదిలేయ్. రేపు నాలుగు కాడలు తెచ్చి మన దొడ్లోనే వేసుకుందాం.

ఈ చోట్ల పొన్నగంటి కోయకండి:

• మందు కొట్టిన చేను గట్టు మీద.
• మురుగు కాలవలో, దాని గట్టు మీద.
• రొయ్యల చెరువు, చేపల చెరువు నీళ్లు వదిలే చోట.
• బళ్లూ లారీలూ తిరిగే రోడ్డు పక్కన.
• మరుగుదొడ్డి నీళ్లు పారే చోట.

వరద వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. కోనసీమ లంకలు మునిగిపోయాయి. అలాంటి వరద నీటిలో చచ్చిన జంతువులు, మురుగు, మందులు అన్నీ కలిసి వస్తాయి. వరదలో మునిగిన ఆకుకూర తినకండి. నీరు తీశాక ఆ కాడలను నేల దాకా కోసి పారేయండి. కొత్తగా వేసిన చిగుళ్లను బాగా కడిగి, ఉడికించి తినండి.

గట్టు మీదకు వెళ్లేటప్పుడు చేతిలో చిన్న కర్ర ఉంచుకోండి. ముందు కర్రతో కదిపి ఆ తర్వాత చెయ్యి పెట్టండి. ఒత్తుగా పరుచుకున్న ఆకు కింద పురుగూ పుట్రా ఉండవచ్చు.

దొడ్లో పెంచుకుందాం

దొడ్లో పెంచుకుంటే మొక్క ఏదో మనకు తెలుసు. నీళ్లు ఏవో మనకు తెలుసు. మందు కొట్టామో లేదో మనకు తెలుసు. ఎవరినీ అడగక్కరలేదు.

దీనికి విత్తనం కొనక్కరలేదు. కాడలు నాటితే చాలు.

కాడలు తేవడం. పువ్వు ఉన్న మొక్కను ఎంచుకోండి. ఐదు గుర్తులూ చూడండి. ముదురూ కాని, లేతా కాని కాడలను కోయండి. ఒక్కొక్కటి జానెడు ఉండాలి. దానికి మూడు నాలుగు కణుపులు ఉండాలి. పూలనూ, కింది ఆకులనూ తుంచేయండి.

మడి చేయడం. రోజులో కొంతసేపైనా ఎండ తగిలే చోటు చూడండి. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు చాలు. మట్టిని గుల్ల చేయండి. బాగా చివికిన గెత్తం రెండు తట్టలు కలపండి. పచ్చి పేడ వేయకండి. పచ్చి పేడకు పురుగు పడుతుంది.

చోటు లేకపోతే పాత తొట్టెలో గాని, చిల్లు పడిన బకెట్టులో గాని పెంచవచ్చు. అడుగున కన్నాలు ఉండాలి. మందులు, రసాయనాలు పోసిన డబ్బాలను వాడకండి. ఎంత కడిగినా వాడకండి.

నాటడం. కాడను కొంచెం ఏటవాలుగా నాటండి. రెండు కణుపులు మట్టిలోకి వెళ్లాలి. కాడకూ కాడకూ మధ్య జానెడు ఎడం ఉంచండి. సాయంత్రం పూట నాటితే వాడదు. నాటిన వెంటనే నీళ్లు పోయండి.

నీళ్లు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. అయితే నీళ్లు నిలవ ఉండి కుళ్లకూడదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు మడికి పోయవచ్చు. సబ్బు నీళ్లు పోయకండి. ఎండాకాలంలో కాలవలు కట్టేసినప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడపండి. మడి మీద కొబ్బరి పీచు పొట్టు పలచగా చల్లితే తడి ఆరదు.

కోత. వారం పది రోజుల్లో కాడలు వేళ్లు తన్నుతాయి. నెల, నెలన్నరకు మొదటి కోత వస్తుంది. నేలకు నాలుగు వేళ్ల ఎత్తు వదిలి, పై భాగాన్ని కత్తితో కోయండి. వేళ్లతో పీకకండి. రెండు మూడు వారాలకు మళ్లీ చిగుళ్లు వస్తాయి. కోసినప్పుడల్లా పిడికెడు గెత్తం వేయండి.

పూలు ముదిరితే ఆకు రుచి తగ్గుతుంది. కాడ నార తేలుతుంది. అందుకే కూరకు పూలు రాకముందే కోయాలి. మరి గుర్తుపట్టడానికి పువ్వు కావాలి కదా! అందుకని మడి మూల ఒక మొక్కను కోయకుండా వదిలేయండి. అది పూస్తుంది. ఆ పువ్వును పిల్లలకు చూపించండి. కాడలు అడిగిన పొరుగువాళ్లకు చూపించండి.

పువ్వు చూసి నాటుకోండి. పువ్వు రాకముందే కోసుకోండి.

పురుగు. గొంగళి పురుగులు ఆకు తింటాయి. పొద్దున్నే చూసి చేత్తో ఏరి పారేయండి. నత్తలను కూడా ఏరేయండి. కన్నాలు పడిన ఆకును కోసేయండి. ఇంటి కూరకు మందులు కొట్టే పని లేదు.

హద్దు. పొన్నగంటి పాకే మొక్క. వదిలేస్తే దొడ్డంతా ఆక్రమిస్తుంది. వరి చేలో పడితే అదే కలుపు అవుతుంది. మడి చుట్టూ ఇటుకలు గాని, కొబ్బరి డిప్పలు గాని పేర్చండి. హద్దు దాటిన కాడలను ఎప్పటికప్పుడు కోయండి. కొబ్బరి డిప్పలను బోర్లా పెట్టండి. వెల్లకిలా పెడితే వాన నీరు నిలిచి దోమలు పెరుగుతాయి.

వండుకుందాం

ఆకును మూడు నీళ్లలో కడగండి. తరగడానికి ముందే కడగండి. తరిగాక కడిగితే సత్తువ నీళ్లలో పోతుంది.

కందిపప్పుతో కలిపి పప్పు వండవచ్చు. పెసరపప్పు వేసి పొడికూర చేయవచ్చు. వేపుడు చేసి పచ్చికొబ్బరి కోరు చల్లుకోవచ్చు. కొబ్బరికి మనకు కొదవ లేదు కదా!

రెండు చిట్కాలు గుర్తుంచుకోండి. ఈ కూరలో కాస్త నూనె ఉండాలి. నూనె ఉంటేనే ఆకులోని ఎ విటమిన్ సత్తువ ఒంటికి పడుతుంది. కూర దించాక నిమ్మరసం పిండండి. పులుపు ఉంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగకండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి తినాలి. తోటకూర, పాలకూర, పొన్నగంటి లాంటి ఆకుల్లో రాళ్లను పెంచే పదార్థం కొంత ఉంటుంది.

కంటికి మంచిదేనా? రక్తం పడుతుందా?

ఇప్పుడు ముందు అనుకున్న సంగతికి వద్దాం.

పొన్నగంటి పచ్చటి ఆకుకూర. ఇలాంటి ఆకులో ఉన్న పదార్థం మన ఒంట్లో ఎ విటమిన్‌గా మారుతుంది. ఎ విటమిన్ తక్కువైతే రేచీకటి వస్తుంది. అంటే సందె వేళ కళ్లు సరిగా కనిపించవు. పిల్లలకు ఈ లోపం ముదిరితే చూపే పోవచ్చు. ఆకుకూరలు, బొప్పాయి, గుడ్డు, పాలు తింటే ఈ లోపం రాకుండా ఉంటుంది. పిల్లలకు 9 నెలల వయసు నుంచి 5 ఏళ్ల దాకా 6 నెలలకోసారి ఎ విటమిన్ మందు పోస్తారు. అది తప్పకుండా పోయించండి.

కాబట్టి పెద్దల మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ మాటను పట్టుకుని ఆగిపోకూడదు. పెద్ద వయసులో కంటిలో శుక్లం వస్తుంది. పొర కమ్మినట్టు చూపు మసకబారుతుంది. ఎంత పొన్నగంటి తిన్నా శుక్లం కరగదు. ఆకు రసం కంట్లో పోస్తే ఉన్న కన్ను పాడవుతుంది. శుక్లానికి ఆపరేషను ఒక్కటే దారి. ఇంట్లో అత్తగారికో, అమ్మకో చూపు తగ్గితే కూర వండి పెట్టండి. అలాగే కంటి ఆసుపత్రికి కూడా తీసుకువెళ్లండి.

రక్తం సంగతీ అంతే. 2019 నుంచి 2021 వరకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వయసు ఆడవాళ్లను పరీక్షించారు. 100 మందిలో దాదాపు 59 మందికి రక్తం తక్కువగా ఉంది. అంటే సగం మంది కంటే ఎక్కువ!

నడిస్తే ఆయాసం. లేస్తే కళ్లు తిరగడం. ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం. ఇవన్నీ రక్తం తగ్గిన గుర్తులు కావచ్చు. చాలామంది ఆడవాళ్లు ఇది నీరసమే అనుకుంటారు. ఇంట్లో అందరికీ కూర వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తింటారు. ఒక్కోసారి మిగలదు కూడా. మీరు పెంచిన కూరలో మీ వాటా ముందే గిన్నెలో తీసి ఉంచుకోండి. అది తప్పు కాదు.

ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయించుకోండి. కాగితం మీద హిమోగ్లోబిన్ అన్న మాట వెతకండి. దాని పక్కన అంకె ఉంటుంది. మామూలు ఆడవాళ్లకు 12 కంటే తక్కువ ఉండకూడదు. గర్భిణికి 11 కంటే తక్కువ ఉండకూడదు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఆ అంకెను మీరే చదవండి. తక్కువ ఉంటే ఇనుము మాత్రలు వాడాలి. ఆకుకూర మాత్రకు తోడు. మాత్రకు బదులు కాదు.

లెక్క చేద్దాం

ఒక మడిలో ఒక కోతకు 12 కట్టలు వచ్చాయి అనుకుందాం. ఇంటికి 3 కట్టలు ఉంచుకున్నారు. మిగిలినవి అమ్మారు. ధర రోజుకో తీరు ఉంటుంది. లెక్క కోసం కట్ట 10 రూపాయలు అనుకుందాం.

అమ్మిన కట్టలు: 12 - 3 = 9
వచ్చిన డబ్బు: 9 × 10 = 90 రూపాయలు

అమ్మేటప్పుడు కట్టలో వేరే ఆకు కలవకుండా చూడండి. మీ కట్టను కొన్న ఇంట్లో కూడా పిల్లలు ఉంటారు.

మొక్కలతో అక్షరాలు

గోదావరికి ఎగువన, రాజమండ్రి దగ్గర కడియం ఉంది. కడియం నర్సరీలు పెద్ద పేరు పొందాయి. కొత్త సంవత్సరం వచ్చినప్పుడు అక్కడ మొక్కలను పేర్చి అక్షరాలు రాస్తారు. శుభాకాంక్షలు చెబుతారు.

నేలను కప్పే మొక్కల్లో అందం కోసం పెంచేవి చాలా ఉన్నాయి. అలీసం అనే మొక్క ఉంది. అదీ నేల మీదే పరుచుకుంటుంది. చలికాలంలో చిన్న తెల్ల పూలు గుత్తులుగా పూస్తుంది. తేనె వాసన వస్తుంది. అది ఆవాల కుటుంబంలోది. దాని పువ్వుకు నాలుగే రేకులు. పొన్నగంటి తోటకూర కుటుంబంలోది. పువ్వులో రేకులు లెక్కపెడితే ఏది ఏ కుటుంబమో తెలుస్తుంది.

పొన్నగంటికి చుట్టాలైన మొక్కలు కొన్ని ఉన్నాయి. వాటి ఆకులు ఎర్రగా, పసుపుగా ఉంటాయి. పార్కుల్లో ఊరి పేరును, బడి పేరును ఆ మొక్కలతో నేల మీద రాస్తారు. అవి పొట్టిగా, ఒత్తుగా పెరుగుతాయి. కత్తిరిస్తూ ఉంటే అక్షరం చెదరదు. చూసేవాళ్లు లేకపోతే పది రోజుల్లో అక్షరం కలుపులో కలిసిపోతుంది. మన చదువు కూడా అలాంటిదే. రోజూ కాస్త చదువుతూ, రాస్తూ ఉంటేనే నిలుస్తుంది.

కొత్త మాటలు

కణుపు: కాడ మీద ఆకు పుట్టే చోటు
తొడిమ: పువ్వును కాడకు కలిపే సన్నని ఈనె
రేచీకటి: చీకటి పడగానే కళ్లు కనిపించకపోవడం
శుక్లం: కంటిలో వచ్చే తెల్లని మసక
రక్తహీనత: ఒంట్లో రక్తం సత్తువ తగ్గడం

ఖాళీలు నింపండి

1. పొన్నగంటి పువ్వుకు ........ ఉండదు.
2. ఆకు నలిపితే రసం నల్లబడే మొక్క ........ .
3. కూర్చున్న పువ్వు మనది. ........ పువ్వు పరాయిది.
4. గర్భిణికి హిమోగ్లోబిన్ ........ కంటే తగ్గకూడదు.

జవాబులు రాయండి

1. మందు కొట్టిన గట్టు మీద ఆకు పచ్చగా ఉంటే కోయవచ్చా? ఎందుకు?
2. ఆస్ట్రేలియాలో ఏ మొక్కను ఏ మొక్క అనుకున్నారు?
3. శుక్లం వచ్చినవాళ్లు ఏం చేయాలి?
4. మడిలో ఒక మొక్కను కోయకుండా ఎందుకు వదలాలి?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో ఏ గట్టు మీద మందు కొడతారు? ఎప్పుడు కొడతారు? ఊడ్పుల ముందా, కోతల తర్వాతా? కొట్టినప్పుడు అందరికీ తెలిసేలా ఏం చేయవచ్చు? గట్టు మీద ఒక కర్ర పాతి, ఎర్ర గుడ్డ కడితే ఎలా ఉంటుంది? పది మందీ కూర్చుని మాట్లాడుకోండి. చేల యజమానులతోనూ మాట్లాడండి.

చేసి చూడండి

ఈ వారంలో ఒక పొన్నగంటి కాడను పువ్వుతో సహా తెండి. పాత పుస్తకం మధ్య పెట్టి ఆరనివ్వండి. ఆరాక ఒక కాగితం మీద అంటించండి. కింద మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ రాయండి. మీ పేరు కూడా రాయండి. పక్కనే గుంటగలగరను కూడా అలాగే అంటించండి. ఆ కాగితాన్ని వంటింటి గోడకు తగిలించండి. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ రెండింటికీ తేడా చూసి తెలుసుకుంటారు.